సారీ చెప్పని పర్వము

సాగరగర్భంలో తీగయై పాకి, కొండకొమ్మున స్తంభమై లేచి, సకల జనుల అరచేతులలో ఆగ్రహజ్యోతిని వెలిగించు ఓ సిగ్నలు తల్లీ, ముందుగా నీకు దండం. నువ్వు నిండు గీతలతో కళకళలాడిననాడు ఎవడో ఒకడి పరువు గంగలో కలుస్తుంది. ఒక్క గీతకు దిగజారిననాడు వాడు బతికిపోతాడు. కనుక ఈ కథ ముగిసేదాకా నీ కటాక్షం నా మీద కాస్త పలుచగానే ప్రసరించుగాక.

వానాకాలమనియు ఎండాకాలమనియు భేదబుద్ధి లేక సంవత్సరం పొడవునా సమదృష్టితో వర్షించు మేఘమండలానికి రాజధానియై, పసిఫిక్ మహాసముద్ర తరంగహస్తాలచే అహర్నిశలు పాదాలు కడిగించుకొనుచు, ఆరని బట్టలతోను ఆగని బస్సు పాటలతోను విరాజిల్లు సువా మహానగరమందు, కొండవాలున ఒక విశ్వవిద్యాలయం కలదు. దాని పేరు చెప్పను. చెబితే రేపు పొద్దున్నే నా మీద కూడా సంతకాల సేకరణ మొదలవుతుంది, నాకంత ఓపిక లేదు.

అట్టి విద్యాసామ్రాజ్యమున మైకుధారులందు అగ్రగణ్యుడు, నసోకో ద్వీపకులతిలకుడు, వాచాలశిరోమణి, రుసియాతే అను యువకుడు వెలుగొందుచుండెను. చదివేది లెక్కల పట్టాకే గాని పేరొచ్చింది మాత్రం నోటివల్ల. క్యాంపస్‌లో పాటకచేరీ అయినా, రగ్బీ బహుమతుల పండగ అయినా, వేదిక మీద మైకు పట్టుకుని జనాన్ని నవ్వించే ఉద్యోగం ఇతడిదే. జీతం లేదు. చప్పట్లున్నాయి, అవి చాలు అనుకునే వయసు.

కొత్త విద్యార్థుల స్వాగతసభకు ఆ ఏడు ఉనైసి వచ్చింది. ఉనైసి అంటే ఎవరో సువాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ ఏడాది ఏ బస్సెక్కినా ఆమె పాటే, దిగినా చెవుల్లో ఆమె పాటే. శంఖకంఠి, మంజులగాత్రి, వూనికూరా అనే చిన్న దీవి ఆడపడుచు. ఆమెను వేదిక మీదికి పిలుస్తూ మన వీరుడు పలికిన వాక్యాలివి:

"ఇప్పుడొచ్చేది వూనికూరా మనిషి. అక్కడ ఈవిడ పాట ఎత్తుకుంటే రేవులో జనం మూటలు సర్దుకుంటారట, పడవ హారన్ కొట్టిందనుకుని. చెవుల్లో ఏదైనా కుక్కుకోండి, తర్వాత నన్ననొద్దు."

సభ ఘొల్లుమంది. ఉనైసి వచ్చి మైకు అందుకుని, దాన్ని తన పావడా అంచుతో శుభ్రంగా తుడిచి, "నసోకో వాడు పట్టుకున్న మైకు. తుడిస్తే పోదు, ఉడకబెట్టాలి" అంది. సభ ఇంకా గట్టిగా ఘొల్లుమంది. రుసియాతే అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఇందులో వింత లేదు. నసోకో, వూనికూరా ఈ రెండు దీవులవాళ్ళూ ఒకరికొకరు తౌవులు. పూర్వం రెండు దీవులకూ ఒకే కులదైవమట. అందుచేత ఒకరినొకరు ఎంత మాటైనా అనొచ్చు, ఒకరి వస్తువు ఒకరు లాక్కుపోవచ్చు, ఎవరూ నొచ్చుకోకూడదు. కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు. క్షమించమన్నవాడు ఇంకా ఘోరంగా ఓడినట్టు. వాడు తానిక బంధువును కానని, పరాయివాణ్ణని ఒప్పుకున్నట్టే. ఈ దేశంలో పసిపిల్లలకు కూడా ఇది తెలుసు. చెరుకుతోటల్లో కూలికి పడవల్లో వచ్చినవాళ్ళ మనుమలం మాకు ఈ భాగ్యం లేదు. మేం తిట్టుకుంటే నిజంగానే తిట్టుకుంటాం.

అయితే సభలో ఒక మహానుభావుడు ఫోను ఎత్తి ఉన్నాడు. ఆయన రుసియాతే మాటలు తీశాడు. ఉనైసి జవాబు మొదలయ్యే సమయానికి ఆయన చేయి నొప్పెట్టింది. చేయి దించాడు. ఆ విధంగా సగానికి తెగిన ఆ చలచ్చిత్రఖండము, "క్యాంపస్ వేదికపై కళాకారిణి గొంతుకు ఘోర అవమానం" అను కిరీటం ధరించి, మర్నాడు తెల్లారేసరికి దేశమంతటా దిగ్విజయయాత్ర చేసింది.

ఇక సేనల వర్ణన. మొదట కదిలినవారు ఆ వీడియో చూసినవారు. వారి వెనుక, చూడనివారు మరింత ఉత్సాహంతో కదిలిరి. ఉనైసి పాటలంటే ప్రాణమిచ్చువారు, ఆమె ఎవరో నిన్ననే విన్నవారు, ఆక్లాండ్‌లోను బ్రిస్బేన్‌లోను స్థిరపడి ఈ దేశం ఎటు పోతోందని అక్కడి నుంచే కంటతడి పెట్టువారు, పరీక్షకు చదవవలసి ఉండియు పుస్తకం తెరవ మనసొప్పనివారు, ఇట్లు నానావిధ అంగుష్ఠయోధులు తమ తమ బొటనవేళ్ళను కొనదేర్చి, వ్యాఖ్యాబాణవర్షమున రుసియాతే పేరును తూట్లు తూట్లు చేసిరి. ఎదుటిపక్షాన వాక్‌స్వాతంత్ర్య రక్షకసేన లేచింది. రుసియాతేను కాపాడడానికి వచ్చిన ఈ వీరులు, ఉనైసి గొంతు నిజంగానే హారన్‌లా ఉంటుంది, ఉన్నమాటే అన్నాడు, తప్పేమిటని వాదించారు. మొత్తం యుద్ధంలో ఆ అమ్మాయికి జరిగిన అవమానం ఏదైనా ఉంటే అదొక్కటే.

రుసియాతే పాపం ఒకసారి నోరు విప్పాడు. "ఆమె మా తౌవు, మేం ఇలాగే మాట్లాడుకుంటాం" అని వీడియో పెట్టాడు. "ఇలాగే మాట్లాడుకుంటాం" అన్న ముక్క మాత్రం కత్తిరించుకుని ఎవరో తిప్పారు. బాణాలు రెట్టింపయ్యాయి.

అప్పుడు విశ్వవిద్యాలయ పాలకవర్గం మేల్కొంది. మేల్కొని, దీర్ఘాలోచన చేసి, ఆ వారాన్ని గౌరవ వారంగా ప్రకటించి, బాధితురాలి మనోభావాల దృష్ట్యా క్యాంపస్ బస్సులు హారన్ కొట్టరాదని శాసించింది. బస్సు డ్రైవర్లు కిటికీలోంచి తల బయటపెట్టి "జరుగు నాయనా, జరుగమ్మా" అని బతిమాలుకుంటూ నడిపారు. గేటు దగ్గర దారికడ్డంగా పడుకునే కుక్కకు మాత్రం బతిమాలితే వినే అలవాటు లేదు. వచ్చిన ప్రతి బస్సు డ్రైవరూ దిగి, దాన్ని రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టి, మళ్ళీ ఎక్కేవాడు. గౌరవ వారంలో నిజంగా గౌరవం పొందింది ఆ కుక్క.

ఇట్లు దశదిశలు దద్దరిల్లుచుండగా, క్యాంటీన్ మెట్లపైకి, చేత లౌడ్‌స్పీకరు, కంట నిప్పులు ధరించి, విద్యార్థి సంఘాధ్యక్షురాలు, ఆగ్రహాగ్రేసరి లైసాని అవతరించింది.

"మిత్రులారా" అంది. "ఇవాళ ఒక గొంతును హారన్ అన్నారు. మనం ఊరుకున్నాం. రేపు మన గొంతును సైకిల్ బెల్లంటారు. అప్పుడూ ఊరుకుందామా? శుక్రవారం మధ్యాహ్నం పెద్దహాల్లో సయోధ్య భోజనం పెడుతున్నాం. ఉనైసి అక్క వస్తారు. అందరి ముందూ, కెమెరాల ముందూ రుసియాతే ఆమెకు సారీ చెప్పాలి. చెప్పకపోతే ఈ క్యాంపస్‌లో అతను మళ్ళీ మైకు ముట్టుకోడు. పట్టాల పండగ రాత్రి కూడా వేరేవాళ్ళే మాట్లాడతారు."

కరతాళధ్వనులు కొబ్బరిచెట్ల తలలు తాకాయి. రోటీ పార్సెల్ కోసం నిలబడ్డ వరుస కూడా చప్పట్లు కొట్టింది, వరుస మాత్రం చెదరలేదు. ఆ వరుసలో ఉన్నాడు షనీల్ నాయుడు, రుసియాతే ఉండే హాస్టల్ గదిలో రెండో మంచం వాడు. మెట్లు దిగుతున్న లైసానిని ఆపాడు.

"లైసాని, నువ్వు చెప్పు. మీ ఊరివాళ్ళకు తౌవులు లేరా?"

"ఎందుకు లేరు. మొన్న క్రిస్మస్‌కు మా నాన్న రేడియో ఎత్తుకుపోయారు."

"మరి మీ నాన్న ఏం చేశాడు?"

"వాళ్ళ మేకను తెచ్చుకున్నాడు." లౌడ్‌స్పీకరు చంక మార్చుకుని అంది. "అది ఇంట్లో సంగతి షనీల్. ఇది ఫేస్‌బుక్."

"రెండిటికీ తేడా ఏంటి?"

"ఇంట్లో వాళ్ళకు మనమెవరమో తెలుసు. ఇక్కడ నేను మాట్లాడకపోతే నామీద పడతారు. జరుగు, నీ రోటీ వచ్చింది."

షనీల్ రెండు పార్సెళ్ళు పట్టుకుని గదికి వెళ్ళాడు. రేకుల మీద వాన దంచుతోంది. త్రిలోకభీకర విమర్శాగ్నికి గురియైన వీరుడు మంచం మీద బోర్లా పడుకుని ఫోను వంక చూస్తున్నాడు. ఉనైసికి ఎన్ని సందేశాలు పంపినా ఆమె చదువుతోందే గాని బదులివ్వడం లేదు. ఆ పూట ఆమె తన పేజీలో ఒక పడవ బొమ్మ మాత్రం పెట్టింది, మాట లేదు. దాని కింద జనం గుండెలు బాదుకుంటున్నారు: ఆమె మనసు విరిగింది, దేశం విడిచి పోతోంది, పాడటం మానేస్తోంది.

"ఆమె ఒక్క మాటంటే అయిపోతుంది కదరా. సరదాకన్నాడని చెప్పొచ్చుగా" అన్నాడు షనీల్.

"చెప్పదు."

"ఏం, నిజంగా కోపమొచ్చిందా?"

"కోపమా. పడవ బొమ్మ చూడు. నన్ను నూనెలో వేయించుకుంటూ కూర్చుంది. ఆమె స్థానంలో నేనున్నా ఇంతే చేస్తాను. మంచి దెబ్బే కొట్టింది, ఒప్పుకోవాలి."

"సరే, ఆ రెండక్షరాలు నువ్వే అనెయ్ రుసీ. సారీకి ఏమన్నా ఖర్చా? నేను రోజుకు పదిసార్లు అంటాను, ఒక్కసారి కూడా నిజం కాదు. మైకు లేకపోతే నువ్వేం మనిషివి, నాకు తెలీదా?"

రుసియాతే లేచి కూర్చున్నాడు. వాచాలశిరోమణికి మాట వెతుక్కోవలసి రావడం షనీల్ ఎన్నడూ చూడలేదు.

"మా నాన్న పోయినప్పుడు నువ్వు మా ఊరు రాలేదు కదా. మూడు రోజులు మా అమ్మ నోరు విప్పలేదు, ఏడవలేదు, అన్నం ముట్టలేదు. పాతిపెట్టే రోజు వూనికూరా నుంచి పడవ వచ్చింది. ఉనైసి, వాళ్ళ వాళ్ళూ. ఉనైసి తిన్నగా శవపేటిక దగ్గరికి పోయి, 'ఏం పెద్దమనిషీ, మాకు బాకీ ఉన్నావని చచ్చినట్టు నటిస్తున్నావా, లే' అంది. పైన పెట్టిన నాన్న టోపీ తీసి తన నెత్తిన పెట్టుకుంది. ఊరంతా చూస్తోంది. మా అమ్మ ముందు నవ్వింది. నవ్వి నవ్వి ఏడ్చింది. ఆ సాయంత్రం అన్నం తింది."

షనీల్ పార్సెల్ విప్పడం ఆపాడు.

"ఆ నోటికి నేను సారీ చెప్పాలా? చెబితే, ఆవేళ మీరు చేసింది కూడా తప్పే అన్నట్టు. మీరు మాకెవరూ కారన్నట్టు. మైకు పోతే పోనీ రా. అది ప్లాస్టిక్‌ది."

అన్నాడే గాని, మైకు అంటే వాడికి ప్రాణం. షనీల్ రోటీ వాడి చేతిలో పెట్టాడు.

అంతట శుక్రవారము, సకలజన నిరీక్షిత మహాశుక్రవారము, యథాప్రకారం వానతోనే వచ్చింది. పెద్దహాల్లో చాపలు పరిచారు. చాపల చుట్టూ ఉభయసేనలు ఫోనులు ఎక్కుపెట్టి మోకాళ్ళ మీద నిలిచాయి. మధ్యన ఎర్రటి గుడ్డ మీద కర్రపెండలం, చేమదుంపలు, ఆ నడుమ చెక్కపళ్ళెంలో కొబ్బరిపాలలో ఓలలాడుచు మహాకాయుడైన కవాంగో చేప శయనించి ఉండెను. తెల్లని గౌనులో లైసాని స్వయంగా పర్యవేక్షించి, పక్షపాతం లేకుండా, చేపతల సరిగ్గా రుసియాతేకు ఉనైసికి మధ్యకు వచ్చేటట్టు పళ్ళెం తిప్పించింది. సమానత్వం కోసమట. అక్కడే జరిగింది పొరపాటు. తౌవులిద్దరు కూర్చున్నచోట ఒకే ఒక చేపతల పెట్టరాదు. తల ఎవరు తింటే వారి దీవి పెద్దది, ఇంకొకరిది చిన్నది. ఈ లెక్క తేలక తాతల నాటి నుంచి ఎన్ని విందులు చాపల మీద ఒలికాయో ఆ దేవుడికి తెలియాలి.

ఉనైసి వచ్చింది. గుమ్మంలో విడిచిన చెప్పుల గుట్ట ముందు ఆగి, వెతికి, రుసియాతే కొత్త చెప్పులు ఏరి తన సంచిలో వేసుకుంది. వచ్చి కూర్చుంది.

"చెప్పులు బాగున్నాయి తౌ. నీ కాళ్ళకు దండగ" అంది.

కెమెరాలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. లైసాని వంగి, మృదువుగా, "మీరు ఎంత బాధలో ఉన్నారో మాకు అర్థమైందక్కా" అంది. తర్వాత నిటారుగా లేచి, "రుసియాతే, ఇప్పుడు చెప్పు" అంది.

ఫోనులన్నీ అతడి మీదికి తిరిగాయి. పైకప్పు మీద వాన ఒక్కటే. రుసియాతే తల ఎత్తి ఉనైసి మొహంలోకి చూశాడు. ఆ మొహంలో జాలి లేదు, బాధ లేదు. వీడు ఓడతాడా ఓడడా అని పందెం కోడిని చూసినట్టు చూస్తోంది. ఇన్నాళ్ళుగా వాణ్ణి పట్టుకున్న భయం ఆ చూపుకు ఒక్కసారిగా వదిలిపోయింది. ఇది మాకు తెలిసిన ఆటే అనుకున్నాడు.

"ఉనైసీ."

"ఊఁ."

"ఆ తల నాది."

అంతే. ప్రళయకాల ఝంఝామారుత ప్రేరితములైన రెండు మహాసముద్రాలు ఒక ఇరుకు జలసంధిలో ఢీకొన్నట్లు, నసోకో దక్షిణహస్తమును వూనికూరా వామహస్తమును ఏకకాలమున మత్స్యశిరస్సుపై పడి, ఒకటి దవడను, ఒకటి మొప్పను పట్టి, ఇటు లాగ అటు, అటు లాగ ఇటు, కర్రపెండలములు గజములవలె దొర్లుచుండ, చేమదుంపలు పదాతులవలె నలుగుచుండ, సంగ్రామం ఘోరమై చెలరేగింది.

"మీ నసోకోలో చేపకు తల ఉంటుందని ఎవరు చెప్పార్రా నీకు. మేం పారేసిన తోకలే కదా మీకు తెలిసింది."

"నువ్వు పాడితే చేపలే ఒడ్డుకొచ్చి పడతాయి కదా, ఉరేసుకోవడానికి. ఇంకోటి పిలుచుకో. ఇది వదులు."

"ఆపండి. ఇద్దరూ ఆపండి. ఇది సయోధ్య" అని లైసాని మధ్యలోకి వచ్చింది. రాకూడని చోటికి, రాకూడని క్షణాన వచ్చింది. పళ్ళెం పక్కకు ఒరిగింది. క్షీరసాగరమంతయు ఒక్క కెరటమై లేచి, ఉల్లిపాయలతోను పచ్చిమిరపకాయలతోను సహా, ఆమె తెల్లని గౌనును ఆపాదమస్తకం అభిషేకించింది.

"అయ్యయ్యో, సారీ సారీ, చూసుకోలేదు" అన్నాడు రుసియాతే. తల్లి పెంచిన పిల్లాడు, ఆ మాట దానంతటదే వచ్చేసింది.

హాలు హోరెత్తింది. అన్నాడు, అన్నాడు, సారీ అన్నాడు. ఫోనులన్నీ ఆ సారీ మాట పట్టుకున్నాయి, పట్టుకోగానే దిగిపోయాయి. ఎవరికన్నాడు, ఎందుకన్నాడు అనేది ఎవరికీ అక్కర్లేకపోయింది. "అహంకారం తలవంచింది" అను కిరీటంతో ఆ ముక్క బయలుదేరింది. పక్కపక్కన కూర్చున్న శత్రువులు ఆలింగనం చేసుకున్నారు. న్యాయం గెలిచిందని కొందరు, వాక్‌స్వాతంత్ర్యం చచ్చిందని కొందరు, తమ తమ ఆనందంతో హాలు ఖాళీ చేశారు. చేప చల్లారిపోతోందని చూసినవాడు లేడు.

కాని వీరుడు క్షమాపణ చెప్పడానికి తల తిప్పిన ఆ అర్ధక్షణములోనే, అదను చూచి, వూనికూరా వీరనారి లాగినది లాగినట్లు సమగ్ర మత్స్యశిరస్సును తన వశం చేసుకుంది. రుసియాతే గిరుక్కున తిరిగి, ఆఖరి ప్రయత్నంగా చూపుడువేలు ఈటెలా దింపాడు. వేలికి ఏదో తగిలింది. పీకాడు. నోట్లో వేసుకున్నాడు.

"సారీ అన్నావు. విన్నాను" అంది ఉనైసి, దవడ చీకుతూ.

"గౌనుకన్నాను. నీకు కాదు."

"మా ఊళ్ళో అలా చెప్పను. నాకే అన్నాడని చెప్తాను."

"చెప్పు. మా ఊళ్ళో నువ్వు ఏడ్చావని చెప్తాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. లైసాని జుట్టులోంచి ఉల్లిపాయ ముక్క తీసి చూసుకుంది. చాప మీద కూలబడి, "ఇది మా తౌవుల కంటపడిందా, నేను ఊరికి పోలేను" అని, చేప వంక చూసి, "నాకూ కాస్త చేప పెట్టండి, పొద్దుట్నుంచి ఏం తినలేదు" అంది. ఉనైసి తోక పెట్టింది.

అట్లు మైకు నిలిచింది. బస్సులకు హారన్లు తిరిగి వచ్చాయి. అంగుష్ఠయోధులు, ఎవరో నటుడు జాతీయగీతం వేళ ఆవులించాడని తెలిసి, అటు కదిలారు. మన వీరుడు వట్టికాళ్ళతో, వాననీళ్ళు నిలిచిన దారిన, విజయయాత్రగా హాస్టలుకు నడుస్తుండగా ఫోను మోగింది. నసోకో నుంచి వాళ్ళ చిన్నాన్న, ఊరిపెద్ద. వెనక జనం గుసగుసలు వినిపిస్తున్నాయి; ఊరంతా ఫోను చుట్టూ చేరినట్టుంది. సారీ గురించే అడుగుతారనుకున్నాడు.

"ఆ వీడియో ఏదో చూపించారు గానీ అందులో అసలు సంగతి లేదు రా" అన్నాడు చిన్నాన్న. "తల ఎవరికి పోయింది?"

రుసియాతే గొంతు సవరించుకున్నాడు. "వాళ్ళకే పోయింది చిన్నాన్నా."

అవతల ఎవరో నుదురు కొట్టుకున్న చప్పుడు.

"కానీ కన్ను నేను లాగాను."

"కన్నా?"

"ఎడమ కన్ను. వేలితో. తినేశాను కూడా."

చిన్నాన్న వెనక్కు తిరిగి ఆ వార్త ఊరికి చెప్పడం వినిపించింది. ఆపైన లేచిన ధ్వని వర్ణింప నా తరము గాదు. ఓ శ్రోతలారా, భూమండలమందు ఎన్ని యుద్ధాలు జరిగినవో, ఎందరు రాజులు ఎన్ని రాజ్యాలు గెలిచిరో నాకు తెలియదు. నసోకో దీవి ఆ శుక్రవారం ఒక చేప ఎడమ కన్ను గెలిచింది, ఇది సత్యము, సత్యము.

ఆ పూట ఊళ్ళో పందిని కోశారు.